మూల రూపం ఒకటా, రెండా? సైనో-టిబెటన్ వ్యుత్పత్తి నిఘంటువు కూర్పులో ఒక సందేహం

పదశోధి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. సైనో-టిబెటన్ భాషాకుటుంబంలోని కొన్ని భాషలకు చిన్న వ్యుత్పత్తి నిఘంటువు ఒకటి కూర్చాలని కొంతకాలంగా పదాలు సేకరిస్తున్నాను. ప్రస్తుతానికి లిఖిత టిబెటన్, లిఖిత బర్మీస్, మిజో, మణిపురి అనే నాలుగు భాషలకే పరిమితమయ్యాను. సుమారు 600 అర్థాలకు ఈ నాలుగింటిలోని మాటలను పక్కపక్కన రాసుకున్నాను. ఇప్పుడు వాటిని ఆరోపాలుగా, అంటే నిఘంటువులో తలపదాలుగా, విడదీయవలసిన దశ వచ్చింది. నా చిక్కులన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

ముందుగా నా రాత పద్ధతి చెబుతాను. టిబెటన్, బర్మీస్ లిపులు రెండూ బ్రాహ్మీ సంతతివే కనుక వాటి వర్ణాలను తెలుగులోకి అక్షరానికి అక్షరంగా మార్చి రాస్తున్నాను. నేటి ఉచ్చారణ చాలాచోట్ల వేరుగా ఉంటుంది. మనం అరుదుగా వాడే ఙ, ఞ అనే అక్షరాలు ఈ పనిలో అడుగడుగునా అక్కరకు వస్తున్నాయి.

మొదటి సందేహం ‘చెట్టు, కర్ర’ అనే అర్థం గురించి. టిబెటన్‌లో శిఙ్, మిజోలో థిఙ్ అని ఉంది. బర్మీస్‌లో మాత్రం సచ్ అని ఉంది. మొదటి రెండింటికీ ఒకే మూలం ఉందని చెప్పడానికి నాకు సంకోచం లేదు. కానీ చివర అనునాసికం ఉండవలసిన చోట చకారం ఉన్న బర్మీస్ మాటను అదే ఆరోపం కింద చేర్చవచ్చునా, లేక దానికి వేరే ఆరోపం ఇవ్వాలా?

రెండవ సందేహం వరుస గురించి. ఆరోపాలను మూల రూపాల అకారాది క్రమంలో అమర్చాలా, లేక అర్థాలను బట్టి శరీరభాగాలు, జంతువులు, సంఖ్యలు అని వర్గాలుగా విడదీయాలా?

మూడవది, చైనీస్‌ను ఇప్పుడే చేర్చుకోవాలా, లేక పక్కన పెట్టవచ్చునా? కుటుంబం పేరులోనే చైనీస్ ఉన్నప్పుడు దానిని వదిలివేయడం నాకు అపరాధంలా తోస్తున్నది. అయితే దాని పురాతన ఉచ్చారణ గురించి చదివిన ప్రతి పుస్తకమూ వేరే రూపం చూపుతున్నది.

ఈ రంగంలో పని చేసినవారు దారి చూపితే కృతజ్ఞుడిని.

ధ్వనిసూత్రం:

పదశోధి గారూ, మీ మొదటి ప్రశ్న ఈ కుటుంబం మీద పని చేసిన ప్రతివారినీ ఇబ్బంది పెట్టిన ప్రశ్న. అందుచేత దీనికే ఎక్కువ చోటు తీసుకుంటాను.

రూపాలు ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తున్నాయా లేదా అన్నది ప్రమాణం కాదు, వాటి మధ్య తేడా నియమబద్ధంగా ఉందా అన్నదే ప్రమాణం. మీ పట్టికలోనే దీనికి చక్కని ఉదాహరణలు ఉండి ఉంటాయి. టిబెటన్‌లో ‘మూడు’ గ్సుమ్, మిజోలో పథుమ్. ‘చనిపోవు’ టిబెటన్‌లో శి, బర్మీస్‌లో సే, మణిపురిలో సి, మిజోలో థి. ‘కాలేయం’ టిబెటన్‌లో మ్ఛిన్, బర్మీస్‌లో అసఞ్, మిజోలో థిన్. వీటి పక్కన మీ శిఙ్, థిఙ్‌లను పెట్టి చూడండి. పూర్వపు సకారం మిజోలో థకారంగా మారిందన్న నియమం నాలుగు చోట్లా నిలుస్తుంది. ఇన్ని మాటలలో ఒకే తీరున వచ్చిన తేడా కాకతాళీయం కాజాలదు.

ఇప్పుడు ‘మాంసం, జంతువు’ అనే మాటను చూడండి. టిబెటన్‌లో శ, మిజోలో స. ఇక్కడ మిజోలో థకారం రాలేదు. దీనిని చూసి నియమం చెడిందని తొందరపడకూడదు. ఈ మాటకు మూలంలో సకారం తరువాత యకారం ఉన్నదని, అందువల్ల మిజోలో అది వేరే దారి పట్టిందని పండితులు నిర్ణయించారు. ఇకారానికి ముందున్న సకారమూ, యకారంతో కలిసిన సకారమూ టిబెటన్‌లో రెండూ శకారంగానే తేలాయి. టిబెటన్‌కు ఏడవ శతాబ్దంలోనే లిపి ఏర్పడింది, మిజో రాతకు వచ్చి నూటపాతికేళ్ళ పైచిలుకు మాత్రమే. అయినా ఈ భేదాన్ని కాపాడినది మిజోయే. ప్రాచీన గ్రంథాలున్న భాషకే పెద్దపీట వేసి మిగిలిన వాటిని సాక్షులుగా మాత్రమే నిలబెట్టే అలవాటును ఈ ఒక్క ఉదాహరణ మాన్పించగలదు.

ఇక మీ సచ్ దగ్గరకు వద్దాం. ‘పేరు’ అనే మాట టిబెటన్‌లో మిఙ్, మిజోలో హ్మిఙ్, బర్మీస్‌లో అమఞ్. అంటే మిగతా భాషల ఇఙ్‌కు బర్మీస్‌లో రావలసినది అఞ్. ఆ లెక్కన ‘చెట్టు’కు బర్మీస్‌లో సఞ్ వంటి రూపం ఉండాలి. బర్మీస్ రాతలో అచ్ అనే ముగింపు పూర్వపు ఇక్ నుంచి వస్తుంది. కనుక సచ్‌కు మూలం సిఙ్ కాదు, సిక్. మీ అనుమానం సరైనదే, ఈ జత నియమానికి లొంగడం లేదు.

అయితే ‘గుండె’ అనే మాటను కూడా చూడండి. టిబెటన్‌లో స్ఞిఙ్, దానికి సాటి అయిన బర్మీస్ మాట, ‘సారం, లోపలి గుజ్జు’ అనే అర్థంలో, హ్నచ్. ఇక్కడా అదే తేడా. ఒకే రకమైన అపక్రమం, అంటే నియమం తప్పిన తీరు, రెండు చోట్ల కనిపిస్తే దానిని పొరపాటని కొట్టివేయలేము. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1987లో ఈ కుటుంబపు వ్యుత్పత్తి నిఘంటువు ప్రాజెక్టును ప్రారంభించిన జేమ్స్ మాటిసాఫ్, ఇలాంటి సందర్భాలలో మూల భాషలోనే సిక్, సిఙ్ అనే జంట రూపాలు ఉండేవని భావించి, వాటిని ఒకే పదకుటుంబపు సభ్యులుగా చూపారు. అటువంటి సభ్యులకు అల్లోఫామ్ అనే మాటనూ, వాటిని కలిపి చూపడానికి ఒక ప్రత్యేక చిహ్నాన్నీ ఆయనే ప్రవేశపెట్టారు.

ఈ పద్ధతి మీద తీవ్రమైన విమర్శ ఉన్నదని కూడా మీరు తెలుసుకోవాలి. నియమానికి లొంగని ప్రతి రూపాన్నీ ‘కుటుంబ సభ్యుడు’ అని లోపలికి రానిస్తే, నియమం అనే మాటకే విలువ ఉండదని విమర్శకులు అంటారు. నేను ఆ విమర్శ వైపే కొంత మొగ్గుతాను. నా సలహా ఇది. ఆరోపం ఒకటే ఉంచండి, కానీ దాని లోపల సిఙ్, సిక్ అని రెండు ఉపశాఖలు చేసి, ఏ భాషారూపం ఏ శాఖకు చెందుతుందో విడివిడిగా చూపండి. రెండింటినీ ఒకే ఆరోపంలో ఎందుకు ఉంచారో ఒక వాక్యంలో రాయండి, ‘గుండె’ ఆరోపాన్ని సాక్ష్యంగా చూపండి. అలా రాస్తే రేపు ఎవరైనా ఈ క్-ఙ్ మార్పుకు కారణమైన పాత ప్రత్యయాన్నో మరొక నియమాన్నో కనుగొన్నప్పుడు, మీ నిఘంటువును చింపి మళ్ళీ రాయనక్కరలేకుండా ఒక్క వాక్యం మారిస్తే సరిపోతుంది.

ఎరవుమాట:

ధ్వనిసూత్రం గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నేను మూడవ ప్రశ్నకు, దానితో ముడిపడిన ఆదాన పదాల, అంటే ఇతర భాషల నుంచి తెచ్చుకున్న మాటల, సమస్యకు పరిమితమవుతాను.

చైనీస్‌ను పక్కన పెట్టడం అపరాధం కాదు. టిబెటో-బర్మన్ శాఖ, అంటే ఈ కుటుంబంలో చైనీస్ కాక మిగిలిన భాషల, వరకే మూల రూపాలు నిర్మించి, చైనీస్ సాటి పదాలను విడిగా చర్చించే పద్ధతికి చాలా కాలపు ఆనవాయితీ ఉంది. భాషాశాస్త్రజ్ఞుడు పాల్ బెనెడిక్ట్ 1940ల ఆరంభంలో రాసి, 1972లో మాటిసాఫ్ సహకారంతో ప్రచురించిన సంగ్రహ గ్రంథం దాదాపు ఆ దారిలోనే నడిచింది. (చైనీస్ ఒక పక్క, మిగిలినవన్నీ మరొక పక్క అన్న విభజనే సరికాదని, చైనీస్ కూడా అనేక శాఖలలో ఒకటి మాత్రమే కావచ్చునని వాదించేవారు ఉన్నారు. నాలుగు భాషల నిఘంటువుకు ఆ వివాదం తేలవలసిన అవసరం లేదు.)

చైనీస్ రూపాలు పుస్తకానికొక తీరుగా ఉండడానికి కారణం దాని లిపి స్వభావం. ఆ లిపి ధ్వనిని నేరుగా చూపదు. కనుక ప్రాచీన కవితల ప్రాసలను, లిపిచిహ్నాలలో ధ్వనిని సూచించే భాగాలను, సా.శ. 601 నాటి ఛియెయున్ అనే ప్రాస నిఘంటువును ఆధారం చేసుకుని ఉచ్చారణను ఊహించవలసి వస్తుంది. ‘మూడు’ అనే మాటనే తీసుకుంటే, పాత తరం పండితుడు కార్ల్‌గ్రెన్ దానిని సమ్ వంటి అస్పష్టాచ్చు (తేలికగా పలికే అచ్చు) గల రూపంగా చూపగా, ఈ తరం పండితులు బాక్స్టర్, సగార్ 2014లో స్రుమ్ అనే రూపం ఇచ్చారు. టిబెటన్ గ్సుమ్ పక్కన పెట్టినప్పుడు ఈ రెండు నిర్ణయాలూ రెండు వేర్వేరు కథలు చెబుతాయి. అందువల్ల చైనీస్‌ను ఎప్పుడు చేర్చినా ప్రతి రూపం పక్కన అది ఎవరి పునర్నిర్మాణమో తప్పనిసరిగా రాయండి. ఇద్దరు పండితుల రూపాలను కలిపి ఒక ఆరోపంలో సర్దుబాటు చేయకండి. ఇంకొక ప్రమాదం ఉంది. ప్రాచీన చైనీస్‌ను పునర్నిర్మించేవారు కొన్ని సందర్భాలలో టిబెటన్ రూపాల వైపు చూసి నిర్ణయం తీసుకుంటారు. ఆ రూపాన్నే మీరు తెచ్చి టిబెటన్‌తో బంధుత్వానికి సాక్ష్యంగా చూపితే, వాదం తన తోకను తానే పట్టుకుని తిరిగినట్టవుతుంది.

ఇప్పుడు ఆదానాల మాట. థాయ్ భాషలో మూడు సామ్, ఎనిమిది పెట్, పది సిప్. ఇవి చైనీస్ సంఖ్యలకు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, థాయ్‌ను ఈ కుటుంబంలోనే లెక్కించడం ఒకప్పుడు సాధారణంగా ఉండేది. సంఖ్యావాచకాలు అంత సులభంగా ఎరవుకు రావన్న నమ్మకం దీనికి బలమిచ్చింది. నిజానికి అవి చైనీస్ నుంచి థాయ్ తెచ్చుకున్నవి. 1942లో బెనెడిక్ట్ థాయ్‌ను కుటుంబం నుంచి వేరు చేశారు, చైనాకు బయట ఎక్కువమంది పండితులు నేడు ఆ నిర్ణయాన్నే అనుసరిస్తున్నారు. సంస్కృత పదాలు లెక్కకు మించి ఉన్నాయి కనుక తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందన్న అభిప్రాయాన్ని 1816లో మద్రాసులోని ఆంగ్లేయ అధికారి ఎల్లిస్ ధాతువులను పరిశీలించి తోసిపుచ్చిన సంగతి మనకు తెలిసినదే. ఆ పరీక్షే ఇక్కడా పనికివస్తుంది.

మీ నాలుగు భాషలలో బర్మీస్‌కు పాలీ నుంచి, మణిపురికి ఇండో-ఆర్య భాషల నుంచి వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. వాటిని గుర్తించడం కష్టం కాదు. కష్టమైనవి కుటుంబం లోపలే చేతులు మారిన మాటలు. ‘గుర్రం’ బర్మీస్‌లో మ్రఙ్, దానికి ప్రాచీన చైనీస్‌లో మ్ర అనే భాగంతో మొదలయ్యే సాటి మాట ఉంది, టిబెటన్‌లో మాత్రం సంబంధం లేని ర్త. గుర్రం, వెండి వంటివి వర్తకంతోనూ యుద్ధంతోనూ ప్రయాణం చేసేవి, వస్తువుతో పాటే మాట కూడా వెళుతుంది. అటువంటి వాటికి ఆరోపం ఇవ్వండి, కానీ మూల భాషకు చెందినదని ప్రకటించకుండా ‘సంచార పదం’ అని గుర్తు పెట్టండి.

పదశోధి:

ఇద్దరికీ ధన్యవాదాలు. ‘పేరు’ అనే మాటను మళ్ళీ పరిశీలించాను, అఞ్-ఇఙ్ జత కనిపించింది. అంతవరకు బర్మీస్ అమఞ్‌ను చూసి అది వేరే మాట అని పక్కన పెట్టి ఉంచాను.

ఇంకొక సంగతి అడగాలి. బర్మీస్ రాతలో ‘చేప’, ‘అయిదు’ రెండూ ఙాః అనే ఉన్నాయి. మిజోలో చేప సఙ్హా, అయిదు పఙా. టిబెటన్‌లో చేప ఞ, అయిదు ల్ఙ. వీటిని కంప్యూటర్ పట్టికలో ఎలా నమోదు చేయాలి? ఒక గడిలో ఒక మాట అని పెట్టుకున్నాను కానీ, సఙ్హా వంటి మాటకు ఆ పద్ధతి చాలడం లేదు.

అక్షరగణన:

పదశోధి గారూ, మీరు అడిగిన ఈ చివరి ప్రశ్నే నిఘంటువు కూర్పులో అసలు కీలకమని నా నమ్మకం. దీనికి సమాధానం దొరికితే మీ రెండవ ప్రశ్న, అంటే వరుస గురించినది, దానంతట అదే సులువవుతుంది.

ఈ భాషలలో వ్యుత్పత్తికి ప్రమాణం మాట కాదు, మాటలోని ఒక్కొక్క అక్షరం. మిజో సఙ్హాలో మొదటి అక్షరం స, ధ్వనిసూత్రం గారు చెప్పిన ‘జంతువు’ అనే మాట. పులికి సకేఇ, ఎలుగుబంటికి సవామ్ అన్నప్పుడూ అదే స ముందు నిలుస్తుంది. చేపకు అసలు మూలం రెండవ అక్షరంలో ఉంది, అదే మణిపురిలో ఒంటరిగా ఙా అని నిలుస్తుంది. అలాగే పఙాలోని ప, పథుమ్‌లోనూ కనిపించే సంఖ్యల పూర్వప్రత్యయం. కనుక సఙ్హాను రెండు ముక్కలు చేసి, మొదటిదానిని ‘జంతువు’ ఆరోపానికీ, రెండవదానిని ‘చేప’ ఆరోపానికీ ముడివేయాలి. బర్క్‌లీ ప్రాజెక్టు దత్తాంశంలో చేసినదీ ఇదే. ప్రతి భాషారూపాన్నీ అక్షరాలుగా విడదీసి, ఒక్కొక్క అక్షరానికి అది చెందిన మూలపు సంఖ్యను జోడించారు.

బర్మీస్ ఙాః రెండు చోట్ల ఒకేలా ఉండడం మీకు ప్రమాదంగా తోచవచ్చు. టిబెటన్ ఆ రెండింటినీ స్పష్టంగా వేరు చేస్తున్నది కనుక, బర్మీస్‌లో రెండు వేర్వేరు మూలాలు కాలక్రమంలో ఒకే ధ్వనిగా కలిసిపోయాయని తెలుస్తుంది. వాటికి రెండు ఆరోప సంఖ్యలు ఇస్తే చాలు. ‘నేను’ అనే అర్థంలో బర్మీస్ ఙాకు విసర్గ చిహ్నం ఉండదు, టోన్ (అర్థాన్ని మార్చే స్వరపు ఎత్తు) వేరు. టోన్‌ను సూచించే గుర్తులను అనవసరమని ఎన్నడూ తొలగించకండి. మిజో వాడుక రాతలో టోన్ చూపరు, కాబట్టి దానికి వేరే గడి ఉంచి, టోన్‌తో నమోదైన ఆధారం దొరికినప్పుడు నింపండి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఇలాంటి పట్టిక మొదలుపెట్టినప్పుడు, వేర్వేరు పుస్తకాలలో వేర్వేరు రాత పద్ధతులు ఉండడం చూసి, అన్నింటినీ ఒకే పద్ధతిలోకి మార్చి, పాత రూపాలను చెరిపివేశాను. పట్టిక చూడడానికి అందంగా తయారయింది. తరువాత ఒక మూలగ్రంథంలో ఒకే గుర్తుకు నేను అనుకున్న ధ్వని కాక మరొక ధ్వని ఉన్నదని తెలిసింది. అప్పటికి ఏ రూపం ఏ గ్రంథం నుంచి వచ్చిందో చెప్పే దారి లేకపోయింది. నెలల తరబడి చేసిన పనిని తిరిగి మొదటి నుంచి చేయవలసి వచ్చింది. అందువల్ల గ్రంథంలో ఉన్న రూపం ఉన్నట్టుగా ఒక గడిలో, మీ ప్రామాణిక రూపం మరొక గడిలో, గ్రంథం పేరు, పుటసంఖ్య ఇంకొక గడిలో ఉండాలి. మీ నిర్ణయాలు, అంటే ఏ అక్షరం ఏ మూలానికి చెందుతుంది అన్నది, పూర్తిగా వేరే పట్టికలో ఉండాలి. సేకరించిన రూపం మారదు, మన తీర్పు మారుతుంది. రెండింటినీ ఒకే గడిలో కలిపితే తీర్పు మారినప్పుడల్లా సాక్ష్యం కూడా చెదిరిపోతుంది.

బర్మీస్‌కు సంబంధించి మరొక జాగ్రత్త. లిఖిత బర్మీస్ అని ఒకే పేరు కింద అన్ని కాలాలనూ కలపకండి. 12వ శతాబ్దం ఆరంభం నాటి మ్యజేదీ శాసనంతో మొదలయ్యే ప్రాచీన బర్మీస్ రాతలో క్ల వంటి సంయుక్తాక్షరాలు ఉన్నాయి. ‘రాయి’ అనే మాట అప్పుడు క్లోక్, తరువాతి రాతలో క్యోక్. లకారాన్ని కాపాడిన శాసనరూపం ఉన్న చోట అదే మీకు విలువైనది.

వరుస గురించి రెండు మాటలు. బరో, ఎమెనో 1961లో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో మూల రూపాలు ఇవ్వకుండా, తమిళ రూపం ఉంటే దానిని ముందు పెట్టి అకారాదిగా అమర్చారు. ఆ కుటుంబంలో అది నడిచింది. (ఎమెనో బోధించినది కూడా బర్క్‌లీలోనే.) ఈ కుటుంబంలో పూర్వప్రత్యయాలు భాషకొకటిగా మారుతుంటే మొదటి అక్షరాన్ని పట్టుకుని వెతకడం సాధ్యం కాదు. ‘అయిదు’ను లకారం కింద వెతకాలా, పకారం కిందనా, ఙకారం కిందనా? ఈ కారణం వల్లనూ, అర్థాలు ఒకదానిలోకి ఒకటి జారే తీరు చూపడానికీ మాటిసాఫ్ బృందం అర్థక్షేత్రాల వరుసను ఎంచుకుని, శరీరభాగాలతో పని ప్రారంభించింది. మిజోలో కాలేయం థిన్, మనసు థిన్లుఙ్. అకారాది వరుసలో ఇది ఒక సమాసం మాత్రమే. అర్థాల వరుసలో, లోపలి అవయవాలే ఆలోచనకూ ఉద్వేగానికీ పేర్లుగా మారే తీరు అంతా ఒకచోట కనిపిస్తుంది. మీరు కంప్యూటర్‌లో చేస్తున్నారు కనుక అర్థాల వరుసను ప్రధానంగా ఉంచి, ధ్వని సూచికను చివర చేర్చండి.

ధ్వనిసూత్రం:

అక్షరగణన గారు చెప్పిన విభజనకు, అంటే సాక్ష్యమూ తీర్పూ వేరుగా ఉండాలన్న మాటకు, ఒక ఉదాహరణ చేర్చుతాను. 2019లో రెండు పరిశోధక బృందాలు ఈ కుటుంబపు వయస్సును గణన పద్ధతిలో అంచనా వేశాయి. 109 భాషలు తీసుకున్న బృందానికి సుమారు 5,900 ఏళ్ళు వచ్చింది, 50 భాషలు తీసుకున్న బృందానికి సుమారు 7,200 ఏళ్ళు వచ్చింది. గణన ఎంత నిశితమైనదైనా దాని కింద ఉన్నవి ‘ఈ మాట ఆ మాటకు సజాతీయం’, అంటే రెండూ ఒకే మూలం నుంచి పుట్టినవి, అనే వేలాది చిన్న తీర్పులే. ఆ తీర్పులలో ప్రతి ఒక్కటీ తిరిగి పరీక్షించడానికి వీలుగా ఉండాలి.

ఒక దిద్దుబాటు కూడా. ‘కన్ను’ టిబెటన్‌లో మిగ్, బర్మీస్‌లో మ్యక్, మిజోలోనూ మణిపురిలోనూ మిత్. ‘పేను’ టిబెటన్‌లో శిగ్, మిజోలో హ్రిక్. రెండవదానిలో మిజో కకారాన్ని నిలుపుకోగా మొదటిదానిలో తకారం ఎందుకు వచ్చిందన్నది నియమంతో తేలదు. అలాంటివాటిని ‘కన్ను’ ఆరోపం కిందనే ఉంచండి, కానీ అపక్రమమని స్పష్టంగా గుర్తు పెట్టండి. నా మొదటి సమాధానం చదివి నియమానికి లొంగని ప్రతిదానికీ ఉపశాఖ తెరవాలని మీరు అనుకోకూడదు. ‘గుండె’ వంటి రెండవ సాక్ష్యం దొరికినప్పుడే ఉపశాఖ, దొరకనంతవరకు గుర్తు మాత్రమే.

పదశోధి:

అలాగే చేస్తాను. ముందుగా శరీరభాగాలకు చెందిన ఆరోపాలను అక్షరాలుగా విడదీసి, గ్రంథరూపాలకు వేరే గడి చేర్చి, సిఙ్-సిక్ ఆరోపాన్ని ‘గుండె’తో జతపరచి రాస్తాను. ‘కన్ను’ దగ్గర గుర్తు పెట్టాను.